మూడో గాజుపెట్టె

గంట ఇంకా మోగలేదు. అది మోగేదాకా ఎవరైనా తమ చీటీని ఒక్కసారి వెనక్కి తీసుకుని, మరో పేరు రాసి పెట్టెలో వేసుకోవచ్చునన్నది ఈ ఊరి మ్యూజియంలో సంస్కృతీ దినోత్సవంనాడు జరిగే ఖడ్గపరీక్షకు శాసనం. ఆ శాసనకర్త ఖడ్గాభిమానుల సంఘానికి ఉపాధ్యక్షుడు, విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు అయిన కుసుమి తెయిజోయే. రాసిన రోజున అది మందమతుల పట్ల తన కారుణ్యానికి నిదర్శనమని కాస్త మురిసిపోయాడు కూడా. ఇప్పుడు గోడవార బల్ల మీద, పాదానికి సగమే ఎక్కిన మ్యూజియంవారి ఆకుపచ్చ ప్లాస్టిక్ చెప్పులతో కూర్చుని, ఆ కారుణ్యం తనవైపే చెయ్యి చాస్తూంటే చూస్తున్నాడు. చూడకూడదనుకుంటూనే చూస్తున్నది మాత్రం మూడో గాజుపెట్టెను. దాని ముందు జనం వంగుతున్నారు, లేస్తున్నారు. పిడి ఊడదీసి, కాచినవాడి పేరు చెక్కి ఉండే తోకభాగానికి తెల్లగుడ్డ చుట్టి, దిసమొలగా పడుకోబెట్టిన కత్తిని చూసి ఇది ఫలానా కమ్మరి చేతిదని చెప్పాలి. చెప్పడానికి ఆధారం వాదర వెంట పారే మబ్బుగీత, కాల్చిన ఉక్కును నీళ్ళలో ముంచిన క్షణం తన ఆవిరిని అక్కడే వదిలేసి పోయిందా అనిపించే తెల్లని గీత. దీపం వెలుగు దాని మీదుగా జారితేనే అది కంటికి దొరుకుతుంది, దీపం జారదు గనక మనిషే జారాలి, అందుచేత దంతవైద్యుడూ, సాకే సారా బట్టీ యజమానీ, ఇద్దరు మాజీ కౌన్సిలర్లూ, ఊరి పరువంతా తమ భుజాల మీద మోసే మహనీయులందరూ మోకాళ్ళు వంచుతూ లేస్తూ, మూత్రశాల తలుపు ఎప్పుడు తెరుస్తారా అని ఆగలేక ఆగుతున్న బడిపిల్లల్లా, నిశ్శబ్దంగా, భక్తితో ఊగుతున్నారు.

పొద్దున తానూ ఊగాడు, అందరికన్నా అందంగా. మొదట గాజుకు నమస్కరించాడు. గాజుకు నమస్కరించేవాడు ఈ జిల్లాలో తానొక్కడే మిగిలాడు. పిమ్మట జేబులోంచి మడత పెట్టిన తెల్లకాగితం తీసి పెదవుల మధ్య బిగించాడు. కత్తిని చేత పట్టి చూసే రోజుల్లో ఊపిరి తడి తగిలి ఉక్కు చెడకుండా పెద్దలు అలా చేసేవారు, గాజుపెట్టెలు వచ్చాక ఆ అవసరం తీరిపోయింది, అవసరం తీరిపోయిన తరవాతే గదా ఆచారానికి అసలైన అందం వచ్చేది. మొదటి కత్తి ఒక్క చూపుకు లొంగింది, రెండోది రెండు చూపులకు. మూడోదాని దగ్గర చూపు ఎందుకో కదలనంది. మబ్బుగీత సన్నగా తిన్నగా ఉంది, అలంకారం లేదు, అలలు లేవు, తెల్లవారి పొలం గట్టు మీద పనికి పోయేవాడి నడకలా ఉంది. ఉక్కు పొరల్లో వరిగడ్డి చాయ. వీపు మందం, ఎద్దుకు ఉన్నట్టు. ఈ చెయ్యి తనకు తెలుసు. ఎక్కడ, ఎక్కడ, కొండ మీది గుడిలో చీకటి గదిలో రెండు ఈటెమొనలు, వాటిని చూడడానికి పూజారిని పదేళ్ళు బతిమాలాడు, అవును, నగితాని లోయ మొహెయి, మూడు వందల ఏళ్ళ కిందట ఈ లోయకు కొడవళ్ళు కొట్టి పెట్టినవాడు. పేరు మనసులో పడగానే ఒళ్ళంతా ఒక సుఖం పాకింది. పుస్తకాల సాయం లేకుండా, గురువుల మాట అరువు లేకుండా, ఒక మనిషి చేతిని మూడు వందల ఏళ్ళ అవతలి నుంచి గుర్తుపట్టిన సుఖం అది; అలాంటిది జన్మలో అదే మొదటిదని అప్పుడు తెలియలేదు, తెలిసి ఉంటే నోరు మూసుకుని దాచుకునేవాడేమో. కాగితం తీసేసి నోరు తెరిచాడు.

"ఇదేం పెట్టారండీ ఇక్కడ? మన నగితాని మొహెయి! కొడవళ్ళకు పోగా మిగిలిన ఇనుముతో కొట్టాడు. ముల్లంగి కోసుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది."

దంతవైద్యుడు నిమురా వంగినవాడు వంగినట్టే తల తిప్పాడు. "కాస్త మెల్లగా, ఉపాధ్యక్షులవారూ. జవాబులు అలా చాటింపు వేస్తే మాబోటివాళ్ళం కాపీ కొట్టేయమూ?"

"కొట్టండి డాక్టరుగారూ, మొహమాటమెందుకు. పళ్ళు పీకే పట్టు వేరు, ఇది వేరు."

హాలంతా నవ్వింది. ఆ నవ్వుల మధ్య నుంచి అక్క గొంతు, ఊరగాయల దుకాణంలో బేరాలాడి బేరాలాడి రాటుదేలిన గొంతు: "ముల్లంగి కోయడమంటే అంత లోకువేంరా తెయీ? ఏడాదికి ఎన్ని బండ్ల ముల్లంగి కోస్తానో నన్నడుగు." మళ్ళీ నవ్వులు. అక్క తోయో నవ్వలేదు, చిరునవ్వు మాత్రం నవ్వింది, అది తమ్ముడి పాండిత్యం చూసి పొంగినదని తెయిజో అనుకున్నాడు, కత్తుల మొహం చూడని మనిషి పండగపూట దుకాణం మూసి తన గెలుపు చూడడానికి వచ్చిందని అనుకున్నాడు, అనుకుని, మ్యూజియంవారు దారానికి కట్టి ఉంచిన పెన్సిళ్ళను ఎప్పటిలాగే తిరస్కరించి, తన సొంత సిరాబరిణె, సొంత కుంచె తీసి, దట్టమైన నల్లని అక్షరాల్లో 'నగితాని మొహెయి' అని రాసి మూడో కత్తి చీటీల పెట్టెలో వేశాడు. అప్పటికి అంతా బాగుంది. విజేత తన రాజ్యాన్ని ఒకసారి చుట్టి వద్దామని, గాజుపెట్టెకు అవతలివైపు, ఎవరూ చూడని వీపువైపు, ఊరికే, చేతులు వెనక్కి కట్టుకుని వెళ్ళాడు.

అక్కడ నొక్కు ఉంది. తెల్లగుడ్డకు బెత్తెడు పైన, కత్తి వీపు మీద, బియ్యపుగింజంత నొక్కు, ఒక అంచు పిచ్చుక ముక్కులా కాస్త పైకి లేచి. కన్ను ఇంకా దాన్ని చూడనేలేదు, కుడిచేతి చూపుడువేలికి తెలిసిపోయింది. వేలు దానంతట అదే ముడుచుకుంది. కొత్త సంవత్సరం ఉదయం, చాపల మీద చలి, తాత మొహంలో లేత సాకే ఎరుపు, తాత ఒర లోంచి కత్తిని బెత్తెడంటే బెత్తెడే బయటికి లాగేవాడు, అంతకన్నా లాగడం దేవుడికి మర్యాద కాదు. పిల్లలిద్దరూ మోకాళ్ళ మీద కూర్చునేవాళ్ళు. వేలికి పల్చటి కాగితం చుట్టి ఆ నొక్కు మీద పెట్టించేవాడు. "ఏడు వందల ఏళ్ళ కిందట, దేశంలోకెల్లా మేటి కమ్మరి, ఒసాఫునే ఆచార్యుడు కాచిన కత్తిరా ఇది. సెకిగహారా యుద్ధంలో శత్రువు దెబ్బ ఇదిగో ఇక్కడ ఆగింది, మన ముత్తాతల ముత్తాత తల అక్కడ మిగిలింది. ఆ తల మిగలకపోతే మీరెక్కడ, నేనెక్కడ?" వేలి కింద పిచ్చుక ముక్కు గుచ్చుకునేది, ఆ గుచ్చుకోవడంలో ఏడు వందల ఏళ్ళు గుచ్చుకునేవి. అక్క మాత్రం, ఎనిమిదేళ్ళ పిల్ల, "దెబ్బ వీపు మీద ఎలా పడింది తాతా? ముత్తాత పారిపోతున్నాడా?" అని అడిగింది, ఆ ఏడాది ఆమెకు బియ్యపు పిండివంట మోచీలో ముక్క తగ్గింది.

ఆ బెత్తెడే తాను చూసింది. యుద్ధం ఓడిన ఏడాది తాత పోయాడు, నాన్న తిరిగి రాలేదు, ఇళ్ళలోని కత్తులన్నీ తెచ్చి పోలీసు ఠాణా ముందు కుప్ప పోయమని విజేతలు ఆజ్ఞాపించారు, అమ్మ దాన్ని నూనెకాగితంలో చుట్టి ఇంటికప్పు గడ్డిలోకి దోపింది, కప్పు కారింది, మూడు వానాకాలాల తరవాత దింపేసరికి కత్తి ఒరలోనే తుప్పుపట్టి బిగిసిపోయింది. లాగితే రాలేదు. ఆ రాకపోవడంలోంచే కదా కుసుమి తెయిజో పుట్టుకొచ్చింది! ఆ ఒరలో ఏముందో చెప్పగలగాలని పుస్తకాలు చదివాడు, దేశంలోని మ్యూజియంలన్నిటి ముందు మోకాళ్ళు వంచాడు, ఒసాఫునే కత్తుల మీద పున్నమినాటి మంచులాంటి మబ్బుగీతల్ని చూసి చూసి, కళ్ళు మూసుకుని వాటిని మోసుకొచ్చి, ఇంట్లో ఆ నల్లని ఒరలోకి ఒక్కొక్కటిగా దింపాడు; ప్రతి ఏడూ తరగతి గదిలో సెకిగహారా పాఠం రాగానే చాక్‌పీసు కిందపెట్టి, గొంతు తగ్గించి, మా ఇంట ఒకటి ఉంది అని మొదలుపెట్టేవాడు. సానపట్టే పనివాడు ఒకాయన ఒర చీల్చి తీస్తానన్నప్పుడు, పవిత్రమైన ఒరను చీలుస్తావా అని అంతెత్తున లేచాడు. అది భక్తి అనుకున్నాడు ఇన్నాళ్ళూ. గోడవార ఈ బల్ల మీద కూర్చుంటే దానికి మరో పేరు తడుతోంది, ఆ పేరు పలకడానికి ధైర్యం చాలక మళ్ళీ భక్తి దగ్గరికే వస్తున్నాడు.

రెండేళ్ళ కిందట అక్క దాన్ని మ్యూజియానికి ఇచ్చేసింది. అమ్మ పోయేటప్పుడు దాన్ని ఆమె చేతిలో పెట్టింది గనక హక్కు ఆమెదే, అయినా తెయిజో దుకాణానికి వెళ్ళి, ఉప్పు పీపాల మధ్య నిలబడి, మన వంశాన్ని పట్టుకెళ్ళి పరాయివాళ్ళకు అప్పగించావని కేకలేశాడు. ముల్లంగి మీద నుంచి చెయ్యి తీయకుండానే ఆమె అన్నది: "మన వంశం ఒరలోంచి బయటికి రాక యాభై ఏళ్ళయింది. గాలి పోసుకోనీరా." అప్పటి నుంచి మాటలు తగ్గాయి. బాగుచేసి సానపట్టాక దానికి విడిగా ఒక గది, బంగారు అక్షరాల పలక, పలక మీద కుసుమి వంశం పేరు, ప్రారంభోత్సవంలో తన ఉపన్యాసం, ఇవన్నీ అతను కల్పించుకుని ఎదురుచూస్తున్నాడు. ఉపన్యాసంలో మొదటి రెండు పేజీలు సిద్ధంగా కూడా ఉన్నాయి. తీరా వంశం వచ్చి మూడో గాజుపెట్టెలో దిసమొలగా పడుకుంటే, వంశోద్ధారకుడు దాని మొహం చూసి, ముల్లంగి కోసుకోవచ్చునన్నాడు. హాలంతా విన్నది. అక్క విన్నది.

అయితే ఆ చిరునవ్వు! పొంగినది కాదది. వెక్కిరింతే. వెక్కిరింతే అయి ఉండాలి. ఆమెకు తెలుసు ఆ కత్తి ఏదో, తెలిసే అక్కడ నిలబడి, చూడు నీ ఏడు వందల ఏళ్ళు అన్నట్టు నవ్వింది. చెవుల వెనక మంట మొదలై మెడ మీదుగా కాలరులోకి దిగుతోంది. గడియారం వైపు చూడబోయి మానుకున్నాడు. ఆలోచించాలి, నిదానంగా, చరిత్రకారుడిలా. కన్ను మొహెయి అంటోంది. వేలు తాత అంటోంది. చీటీ అలాగే ఉంచితే, తాతను ఊరంతటి ముందూ తానే అబద్ధాలకోరని ముద్రవేసినట్టు. మార్చితే, కన్నును అబద్ధాలకోరన్నట్టు. కాని కన్ను పోతే ఎవరికి తెలుస్తుంది, వంశం పోతే అక్కకు తెలుస్తుంది. పైగా కన్ను పొరబడలేదని ఎలా చెప్పగలం? ఒసాఫునే ఆచార్యుడంతటివాడు ప్రతిరోజూ ఆచార్యుడిగానే నిద్ర లేచేవాడా? మహాపురుషులకూ జలుబు చేస్తుంది. ఒక ముసురు పట్టిన ఉదయం, తడి బొగ్గులు, కంట్లో పొగ, కడుపులో నొప్పి, ఎవడో మొండి యోధుడు వాకిట్లో కూర్చుని నాకు సాదాగా కావాలి, గట్టిగా కావాలి, వీపు మందంగా కావాలి అని పట్టుబట్టి ఉంటాడు, ఆచార్యుడు విసుగుతో, సరే నీ ఖర్మ అని, కొడవలి కొట్టినట్టు కొట్టి పారేసి ఉంటాడు, అంచేత ఈ తిన్నని గీత దారిద్ర్యం కాదు, మహత్తరమైన విసుగు. అవును, మహత్తరమైన విసుగు! ముప్ఫై ఏళ్ళు పిల్లల జవాబుపత్రాల్లో ఇలాంటి వాదాల మీద ఎర్రగీతలు కొట్టిన చెయ్యి ఇప్పుడు జేబులో కుంచెను వెతుక్కుంటోంది. లేచాడు. చెప్పులు టపటపమన్నాయి.

ఆ చీటీల పెట్టె దగ్గర మ్యూజియం అధికారిణి హత్తా నిలబడి ఉంది. ఒకప్పుడు తన తరగతిలో ముందు బల్లలో కూర్చుని, నోరు తెరుచుకుని, మా ఇంట ఒకటి ఉంది అన్నది విన్న పిల్ల. ఇప్పుడు కళ్ళద్దాలు, తెల్ల చేతితొడుగులు.

"మార్చుకుంటారా మాష్టారూ?"

"శాసనం ఒప్పుకుంటుందిగా."

"ఒప్పుకుంటుందండీ." పెట్టె తెరిచి, వెతక్కుండానే, కుంచెతో రాసిన ఆ ఒక్క చీటీని తీసి ఇచ్చింది. ఇస్తూ, వదలకుండా ఒక క్షణం పట్టుకుంది. "మాష్టారూ, మొదటిదే ఉంచుకోకూడదా?"

ఈ ఎత్తు తనకు తెలుసు. తప్పు రాసిన పిల్లవాడికి, ఖాయమేనా అని అడిగి, పాపం వాడు ఆ తప్పునే గట్టిగా కౌగిలించుకునేలా చేసేది తానే కదా. గురువుకే పాఠమా! చీటీ లాక్కున్నంత పనిచేసి, కుంచె తీసి, మరో కాగితం మీద ఒసాఫునే ఆచార్యుడి పేరు రాశాడు. రాస్తూంటే అక్షరాలు వాటంతట అవే పెద్దవయ్యాయి, సిరా కాగితం వెనక్కి ఊరింది. పెట్టెలో వేశాడు. వేసినప్పుడు చప్పుడేమీ కాలేదు, కాగితం ముక్క పడితే చప్పుడేముంటుంది, అయినా ఒక చప్పుడు కోసం చెవి ఎదురుచూసింది. గెలిచినట్టు లేదు. పొద్దున పాకిన ఆ సుఖం ఎక్కడో ఉండాలి, ఒకసారి కత్తి దగ్గరికి వెళ్తే, క్షమించమన్నట్టు ఒకసారి వంగితే, దొరుకుతుందేమో. మూడో పెట్టె ముందుకు వెళ్ళాడు, చేతిలో ఉన్న కాగితాన్ని మడిచి, అలవాటుకొద్దీ, పెదవుల మధ్య బిగించాడు, మోకాళ్ళు వంచాడు. మబ్బుగీత పారింది. తిన్నగా, సన్నగా, దేనికీ సిగ్గుపడకుండా. మొహెయి అంది. తప్పు లేదు, అనుమానం లేదు, మొహెయి, మొహెయి, అడుగు తరవాత అడుగు, గట్టు మీద నడిచి పోతున్నాడు. తెయిజో నాలుక మీదికి చేదుగా ఏదో దిగింది. గంట మోగింది.

తరవాతిది త్వరగానే అయిపోయింది, లేక త్వరగా అయిపోయిందని అనుకోవడం ఇప్పుడు సుఖంగా ఉంది. హత్తా మొదటి కత్తి చెప్పింది, రెండోది చెప్పింది, చప్పట్లు. మూడో పెట్టె తాళం తీసి, తొడుగుల చేతులతో తెల్లగుడ్డ విప్పింది. తోక మీద, తుప్పురంగులో, ఉలి ఎంత సాదాగా చెక్కగలదో అంత సాదాగా, ఊరి పేరు, మనిషి పేరు. "నగితాని మొహెయి కత్తి ఒకటి ఉండి ఉంటుందని అనుకునేవాళ్ళమే తప్ప ఎవరం చూడలేదు. మొన్నమొన్నటి దాకా ఒరలో బిగిసిపోయి ఉంది. ఇచ్చినవారు పేరు చెప్పవద్దన్నారు. ఈ మ్యూజియంలో మన లోయ మట్టి వాసన వచ్చే కత్తి ఇదొక్కటే. వీపు మీద నొక్కు చూశారా? యుద్ధంలో పడింది కాదు. వెదురు చీల్చడానికి వెనక నుంచి సుత్తితో కొట్టారు. కత్తిని ఒరలో పెట్టి దాచుకోలేదు, వాడుకున్నారు." ఆమె గొంతులో సంతోషం నిజమైనది, అది వినడానికే కష్టంగా ఉంది. "ఇక జవాబులు. దాదాపు అందరూ సరిగ్గా రాశారు." నవ్వులు. "మాష్టారి గొంతు పుణ్యమా అని." ఇంకా నవ్వులు, తలలు తనవైపు తిరిగాయి, సాకే బట్టీ యజమాని చప్పట్లు కూడా మొదలుపెట్టాడు. "ఒక్క చీటీ మాత్రం..." అని హత్తా ఆగింది.

"చదవండి హత్తాగారూ!" నిమురా ఉత్సాహంగా అరిచాడు. "అంత గట్టిగా చెప్పినా వినబడని పుణ్యాత్ముడెవరో చూద్దాం!"

ఆమె చదవలేదు. గబగబా మడతపెట్టబోయింది. కాని పల్చని కాగితం, దట్టమైన సిరా. దీపానికి ఎదురుగా ఒసాఫునే ఆచార్యుడి పేరు వెనక నుంచి, తిరగబడి, ఎంతో స్పష్టంగా అందరికీ కనబడింది. హాలంతా పెన్సిలుతో రాసింది. ఈ జిల్లాలో కుంచెతో రాసేవాడు ఒక్కడే. నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది. నవ్వి ఉంటే ఎంత బాగుండేది! ఎవరూ నవ్వలేదు; అందరూ ఏకకాలంలో తమతమ ఆకుపచ్చ చెప్పుల్ని మొదటిసారి చూస్తున్నట్టు పరిశీలించసాగారు; ఇద్దరు మాజీ కౌన్సిలర్లు గోడ మీది మంటలార్పే సిలిండరు మీది అక్షరాలు చదివారు. ఆ మర్యాద కిందికి, ఇంకా కిందికి, తెయిజో దిగిపోతున్నాడు. చివరికి నిమురా, ఆ నిమురాయే, గొంతు సవరించుకుని, "ఉపాధ్యక్షులవారు తమ గెలుపు మాకు వదిలిపెట్టారండీ. పెద్దమనసు" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. వెతికాడు, లేదు. జాలి ఉంది. ఏదో అనాలి. అనడానికి నోరు తెరవబోయాడు, తెరుచుకోలేదు. కాగితం పెదవులకు అతుక్కుపోయింది. ఎదుటి గాజులో ఒక ముసలివాడు, నోటి చుట్టూ నల్లగా, గడ్డం మీదికి ఒక నల్లని ధార.

"కదలకు." అక్క ఎప్పుడొచ్చిందో, చేతిరుమాలు నాలుకతో తడిపి, గడ్డం పట్టుకుని, దుకాణంలో పీపా మూత తుడిచినట్టు తుడుస్తోంది. కాగితాన్ని మెల్లగా ఊడదీసింది. ఆమె దగ్గర ఉప్పు వాసన, తవుడు వాసన.

"నీకెప్పట్నుంచి తెలుసక్కా?"

"ఒర చీల్చిన రోజు నుంచి. ఆ హత్తా పిల్ల వచ్చి చెప్పింది."

"నాతో చెప్పలేదేం?"

"ఎలా చెప్పనురా? దాని మొహమైనా చూడకుండా యాభై ఏళ్ళు కాపరం చేశావు." రుమాలు తిరగేసి మళ్ళీ తుడిచింది. "పొద్దున నీ అంతట నువ్వే చెప్పావు. ముల్లంగి అన్నా సరే, పేరు చెప్పావు. హమ్మయ్య, మావాడికి కళ్ళున్నాయి అనుకున్నాను. ఇక మనం దుకాణంలో కూర్చుని టీ తాగొచ్చు అనుకున్నాను." కాగితం మడత విప్పి, దూరంగా పట్టుకుని, కళ్ళు చిట్లించింది. వెనక్కి తీసుకున్న పొద్దుటి చీటీ అది; సిరా అంతా ఊరి ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఏ అక్షరమూ మరో అక్షరానికి సాక్ష్యం చెప్పే స్థితిలో లేదు. "దీన్నెందుకురా నమిలావు?"

ఆ చిరునవ్వు హమ్మయ్య అన్నది. చీటీ అందిస్తూ వదలని చెయ్యి, ఉంచుకోకూడదా అని అడిగిన గొంతు, అవి కూడా. అక్కా, హత్తా ఇద్దరూ తన కోసం వాకిట్లో దీపం పట్టుకుని నిలబడ్డారు. తాను ఎదురుగా వచ్చి ఆ దీపాన్నే ఊదేశాడు. జనం మెల్లగా, అతణ్ణి చూడకుండా ఉండడానికి చాలా శ్రమపడుతూ, టీ బల్ల వైపు కదులుతున్నారు. అక్క కదల్లేదు. గాజు వైపు తిరిగింది, మోకాళ్ళు పట్టుకుని, అవి కలుక్కుమంటూంటే, వంగింది.

"ఏదిరా ఆ గీత? అందరూ చూశామంటున్నారు. నాకేం కనబడ్డం లేదు, దీపం తప్ప."

గాజులో ఆమె మొహం, పక్కన తన నల్లని నోరు, రెంటి కిందా తిన్నగా పడుకున్న మొహెయి. నమస్కరించబోయి, ఆగిపోయాడు.

"ఇంకా వంగాలక్కా," అన్నాడు. "ఇంకొంచెం కిందికి." ఆమె పక్కన తానూ వంగాడు.